రెండు వేళ్ళ సందు

కొరాపుట్ ఘాటీ రోడ్డు మీద పదేళ్ళు ఓవర్సీయరుగా చేసిన మనిషి వానను ప్రేమిస్తాడని ఎవరూ అనుకోరు. మబ్బు పట్టిందంటే చాలు, సూర్యం గొడుగు పట్టుకుని గట్ల వెంట పరుగెత్తేవాడు. ఎండాకాలమంతా రాయి పరిపించి, మట్టి తొక్కించి, గట్లు కట్టించి అద్దంలా చేసిన రోడ్డు శ్రావణం రాగానే కొండచరియతో సహా లోయలోకి దిగిపోయేది. కార్తీకంలో మళ్ళీ మొదటి తట్ట దగ్గర మొదలు. రోడ్డును తను వేస్తున్నాడో, కొండకు ఏటేటా కట్నంగా చదివిస్తున్నాడో అతనికే తెలిసేది కాదు.

అదైనా భరించేవాడే. మూడేళ్ళ కిందట శ్రావణంలో రాయగడ ఇంట్లో భార్య జగదాంబ ఆడపిల్లను కన్నది. మంత్రసాని గున్నమ్మ వీధరుగు మీద నిలబడి, "ఎవులైనా ఘాటీకెల్లి బాబుకి కబురెట్టండర్రా!" అని కేకేసింది. మనిషి వెళ్ళాడు. రోడ్డు నాలుగు చోట్ల తెగి ఉంది. సూర్యం ఇల్లు చేరేసరికి పిల్లకు ఇరవయ్యేడు రోజులు. తండ్రిని చూసి కెవ్వుమంది. నెల్లాళ్ళుగా గీయని ఆ గడ్డం చూస్తే పెద్దవాళ్ళే కెవ్వుమంటారు, పసిగుడ్డు తప్పేముంది!

ఆ రోజే సూర్యం ఒట్టు పెట్టుకున్నాడు, మట్టి పని మానేస్తానని. కొత్త రైలు లైను పుణ్యమా అని రాయగడలో ఇనుప వంతెనల ఆఫీసు వెలిసింది. అక్కడ ఉక్కు దూలం ఎంత బరువు మోస్తుందో, ఎక్కడ వంగుతుందో లెక్క కట్టి బొమ్మ గీసేవాళ్ళు కావాలి. రెండేళ్ళపాటు ఘాటీ డేరాలో లాంతరు ముందు పెట్టుకుని ఆ లెక్కలు నేర్చుకున్నాడు. సంస్థానం ఠాణాలో గుమాస్తాగా చేసే మేనమామ, "ఓవర్సీయరు బాబు వస్తున్నాడంటే నాలుగూళ్ళు లేచి నిలబడతాయి. అది కాదని బల్ల ముందు కూర్చుని గీతలు గీస్తావుట్రా?" అని నవ్వాడు. సూర్యం నవ్వలేదు. ఆరు నెలల పరీక్ష మీద ఆఫీసులో చేర్చుకున్నారు. లెక్క అతనిదే, బొమ్మ అతనిదే అయిన మొదటి వంతెన నిలబడాలి. పెద్ద ఇంజనీరు దొర చూసి సరేనంటే ఇక్కడే స్థిరం. కాదంటే మళ్ళీ ఘాటీ.

ఆ వంతెన కొల్నార దారిలో ఒక వాగు మీద లేచింది. అరవై అడుగుల ఉక్కు దూలాలు, రెండు పక్కలా రాతి కట్టడాలు. చైత్రమాసం. సోమవారం దొర వస్తాడు. శ్రావణానికి జగదాంబకు మళ్ళీ నెలలు నిండుతాయి.

సోమవారం తెల్లవారగానే సూర్యం వంతెన దగ్గరకు వెళ్ళి అవతలి గట్టు చివర వంగి చూశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. దూలాల చివరకూ రాతిగోడకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి. అది లేదు! నున్నగా సున్నం మెత్తి ఉంది.

"దాలయ్యా!" అని అరిచాడు.

దాలయ్య తాపీ మేస్త్రీ. ఘాటీలో పదేళ్ళూ సూర్యం కిందే చేశాడు. మంచి పనివాడని సూర్యమే పట్టుబట్టి ఇక్కడికి తెచ్చుకున్నాడు. ముసిముసిగా నవ్వుతూ వచ్చాడు.

"తవరు ఆదమరిసి సందొగ్గీసేరు బాబూ. దొర సూస్తే పరువేటవుతాది? నిన్న సాయంత్రం తవరు రాయగడ ఎల్లేక పూడ్సీసేను. సూడండి, ఎక్కడా అగుపడదు!"

"అది కావాలనే వదిలేనయ్యా!"

"సందునా? కావాలనా?" దాలయ్యకు నవ్వు ఆగిపోయింది. "సందు కనబడితే నన్నడక్కు, పూడ్చీ అని తవరే గదా నేర్పేరు?"

నిజమే. పదేళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని మరీ నేర్పాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత! రాతిగోడలో సందు ఉంటే నీళ్ళు దిగి గోడ పోతుంది. ఇక్కడ సందు లేకపోతేనే గోడ పోతుంది. ఆ సంగతి బొమ్మలో రాశాడు గాని, బొమ్మ చదవలేని దాలయ్యకు నోటితో చెప్పలేదు.

"బండి చక్రానికి ఇనప పట్టా కాల్చి ఎందుకు వేస్తారు?" అని అడిగాడు సూర్యం.

"కాలితే సాగుతాది. అప్పుడు ఎక్కుతాది."

"ఈ దూలం రోజూ ఎండకి కాలుతుంది, రోజూ సాగుతుంది. అది జరగడానికే కింద దొర్లే ఉక్కు రూళ్ళు పెట్టేం. చోటు లేకపోతే గోడని తోసేస్తుంది."

దాలయ్య నెత్తి మీద కొట్టుకున్నాడు. "మరా ముక్క ముందే సెప్పకూడదేటి బాబూ!"

సున్నం నిదానంగా గట్టిపడుతుంది కనక బతికిపోయారు. ఇద్దరూ బోర్లాపడి తాపీలతో, వెదురు పుల్లలతో తవ్వడం మొదలెట్టారు. ఎనిమిదింటికి సందు పైకి తేలింది. కాని రూళ్ళ కిందికి ముద్ద జారిందో లేదో పైనుంచి కనిపించలేదు. జారి పట్టేసి ఉంటే దూలాలు ఎత్తి తియ్యాల్సిందే. అంతలో దొర గుర్రం దిగాడు. ఎదురుగా మోచేతుల దాకా సున్నంతో పరీక్ష అభ్యర్థి!

"నా మీదెట్టీండి బాబూ. ముసిలోడికి బుద్ధి నేదనండి," అని గొణిగాడు దాలయ్య.

ఆ మాట సూర్యం నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిందని ఒప్పుకోవాలి, అతను దేవుడేం కాదు. కాని మింగేశాడు. "తప్పు నాదే. ఇతనికి నేను చెప్పలేదు," అని జరిగింది జరిగినట్టు చెప్పాడు.

దొర వంగి సందులోకి అటూ ఇటూ తొంగి చూశాడు. చివరికి, రూళ్ళు పట్టేశాయో లేదో ఎండే చెబుతుందనీ, మధ్యాహ్నం దాకా కూర్చుంటాననీ అన్నాడు. దాలయ్య వెదురు బద్ద ఒకటి సందుకు సరిగ్గా సరిపోయేలా చెక్కి నిలబెట్టాడు. రెండు వేళ్ళతో లాగితే వచ్చేంత వదులు; ఎండకు దూలం సాగి జరిగితే అది బిగుసుకోవాలి.

ఇక ఎండ కోసం ఎదురుచూడటం. చైత్రంలో ఎండను అంత ఆశగా చూసినవాడు రాయగడ తాలూకాలో మరొకడు ఉండడు. పదింటికి ఒక మబ్బు తునక అడ్డొస్తే సూర్యం దాన్ని పళ్ళు పటపట కొరుకుతూ తిట్టాడు. పన్నెండయింది. ఒంటిగంటయింది. ఉక్కు మీద చెయ్యి ఆనలేదు. జగదాంబకు ఏం చెప్పాలో మనసులోనే నాలుగు రకాలుగా అనుకుని చూశాడు. ఏదీ బాగులేదు.

రెండింటికి దొర వచ్చి వంగి బద్ద పట్టుకు లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. వడ్లగింజ వెడల్పయినా లేని ఆ కాస్త జరుగుబాటు బద్దను ఉడుంపట్టు పట్టింది. దూలం కదిలింది! రూళ్ళు పట్టెయ్యలేదు.

దొర చేతులు దులుపుకుని, బొమ్మ చదవలేనివాడికి నోటితో చెప్పడం కూడా లెక్కలో భాగమేనని రెండు చీవాట్లు పెట్టి, కాగితం మీద సంతకం చేశాడు. సూర్యం ఆ రాతిగట్టు మీదే చతికిలబడ్డాడు. పదేళ్ళ బరువు దిగినట్టయి, సిగ్గులేకుండా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దాలయ్య అటు తిరిగి బద్దతో కుస్తీ పడుతున్నట్టు నటించాడు.

శ్రావణం వచ్చింది. మూడు రోజులుగా ముసురు. మధ్యాహ్నం వేళ లోపల కేర్‌మన్న ఏడుపు వినిపించింది. గున్నమ్మ పసిగుడ్డును పొత్తిళ్ళలో ఎత్తుకుని వీధరుగు మీదికి వచ్చి, అలవాటు కొద్దీ వీధిలోకి కేకేసింది.

"మల్లీ ఆడపిల్లే! ఎవులైనా ఘాటీకెల్లి బాబుకి కబురెట్టండర్రా!"

"ఇక్కడే ఉన్నాను గున్నమ్మా," అన్నాడు వెనకనుంచి సూర్యం. స్తంభానికి ఆనుకుని, పెద్దపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

గున్నమ్మ ఉలిక్కిపడింది. "ఓలమ్మా! అయితే ఈ ఏడు రోడ్డు తెగనేదేటి?"

"తెగే ఉంటుంది," అన్నాడు సూర్యం, పసిదాన్ని అందుకోవడానికి చేతులు చాపుతూ.