లైల్ పెట్టెలో బుస

లైల్ పోయిన ఏడాదికి, మా బీరు క్లబ్బు అక్టోబరు పండగనాడు, అతని భార్య మార్లిస్ ఆ ఐస్ పెట్టెను గ్యాస్ సిలిండర్‌తో సహా మోసుకొచ్చి నా ముందు దబ్బున పడేసింది.

"ఇవాళ అందరికీ దీంట్లోంచే పొయ్యాలి వెండెల్. వంకలు చెప్పావంటే ఊరుకోను."

ఆ పెట్టె లైలూ నేనూ కలిసి నా షెడ్డులో తయారుచేసిందే. నీలం పెట్టె, లోపల ఉక్కు గొట్టం చుట్ట, ముందు రెండు కుళాయిలు. చుట్ట మీద ఐసు పోసి, పీపా తగిలించి, బీరును తోసే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్ తిప్పితే ఇంట్లో కాచిన బీరు పళ్ళు జివ్వుమనేంత చల్లగా వస్తుంది. మా విస్కాన్సిన్ రాష్ట్రం మొత్తంలో ఇలాంటిది లేదని లైల్ కోతలు కోసేవాడు. నేనూ తక్కువ తినలేదు.

నా నోరు మంచిది కాదు. సిలిండర్‌కీ రెగ్యులేటర్‌కీ నడుమ పాత వాషర్ కనబడితే ఎవణ్ణయినా దులిపేసేవాణ్ణి. "కొత్తది వెయ్యరా సన్నాసీ! కారులో గ్యాస్ కారిందంటే నిద్రలోనే పోతావు" అనేవాణ్ణి. అలాంటివాణ్ణి, పోయినేడు పండగ ముందురోజు లైల్ తొందరపెడుతుంటే, డబ్బాలో కొత్తవి అయిపోయాయని పాతదే పెట్టి బిగించాను. ఈ ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నాను. తెల్లారి పనికి సిద్ధంగా ఉంటుందని సిలిండర్ కూడా తెరిచే ఉంచాం. లైల్ పెట్టెనూ సిలిండర్‌నూ వెనక సీట్లో వేసుకుని, చలికి అద్దాలన్నీ ఎత్తుకుని వెళ్ళాడు. ఇంటికి నాలుగు మైళ్ళ దూరంలో కారు చెట్టుకు గుద్దుకుంది. నిద్రమత్తు అన్నారు పోలీసులు. నేను నోరు విప్పలేదు.

అప్పట్నుంచీ నా చెవిలో ఆ బుస. స్స్‌స్... అని సన్నగా. చర్చిలో వినిపిస్తుంది, గడ్డం గీసుకుంటుంటే వినిపిస్తుంది. "ఏమీ లేదయ్యా బాబూ, వెళ్ళి చెవులు చూపించుకో" అంటుంది మా ఆవిడ. లైలే నా మీద బుసకొడుతున్నాడని నా నమ్మకం. భయంతో వాళ్ళింటి వీధిలోకి వెళ్ళడమే మానేశాను.

ఇప్పుడు మార్లిస్ ఎదురుగా నిలబడి ఉండగా రెగ్యులేటర్ విప్పాను. ఆ పాత వాషర్ అక్కడే ఉంది, నలిగి పల్చబడి.

"ఏం, కొయ్యబారిపోయావు?" అంది.

మామూలుగానే అడిగిందేమో. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నాకు.

"మార్లిస్, ఆరోజు ఈ పాతది వేసింది నేనే. లైల్‌ని చంపింది నేనే."

ఆమె కేకలు వేస్తుందనుకున్నాను. ఖాళీ పీపా మీద కూలబడింది.

"తెలుసు," అంది. "దారిలోంచి ఫోన్ చేశాడు. 'వెనకాల బుస్సుమంటోందే! ఊరందరికీ నీతులు చెప్పే వెండెల్ గాడు నాకే పాత వాషర్ బిగించాడు' అని ఒకటే నవ్వు. కారాపి సిలిండర్ కట్టేసి వస్తానన్నాడు. నేనే... 'మళ్ళీ ఎక్కడా ఆగకు, చేపలు చల్లారిపోతున్నాయి, తిన్నగా ఇంటికి తగలడు' అన్నాను."

నేను ఆ పాత వాషర్‌ని ఊడదీసి పక్కన పడేశాను.

"నువ్వొచ్చి చెబితే నేనూ చెప్పుకుందామని ఏడాదంతా చూశాను. నువ్వు మా గుమ్మం తొక్కితే కదా! అందుకే ఇవాళ పెట్టెను మోసుకొచ్చాను."

జేబులోంచి కొత్త వాషర్ తీసి ఆమే పెట్టింది. నేను స్పానర్‌తో బిగించి సిలిండర్ తిప్పాను. బిగించిన చోట సబ్బునీళ్ళు పూశాను. ఇద్దరం తలలు వంచి చూశాం. ఒక్క బుడగ లేవలేదు.

స్స్‌స్... అంటూనే ఉంది.

పిచ్చెక్కిందనుకుంటుందని మొహం తిప్పుకోబోయాను. మార్లిస్ సిలిండర్ మీద చెయ్యి వేసి, చెవి దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని ఉంది.

"నీక్కూడా వినిపిస్తోందా?" అన్నాను.

"ఆ ఫోన్ పెట్టేసినప్పట్నుంచీ," అంది.