అత్త తలలో ఆవపూలు

ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. అనుమానముంటే నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే బస్సెక్కి అడుగు, కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి మరీ చెప్తాడు.

సలోమికి పొద్దున లేస్తే మొదటి పని, అత్త కృపావరం తలలో మొలిచిన ఆవచెట్లు కొడవలితో కోసి పప్పులో వేయడం. అందరి అత్తల తలలూ నెరుస్తాయి, ఈమెది పచ్చబడింది, అంతే. ఊరంతా పంచినా ఇంకో బండెడు ఆకు మిగిలేది.

ఆ ఏడు సలోమి జయలక్ష్మమ్మ చేను గుత్తకు తీసుకుని క్యాబేజీ పెట్టింది. "పంట తీస్తే చేను నీకాడనే ఉంటాది. పోగొడితే వేరేవాళ్లకిస్తా" అని ఆ తల్లి ముందే చెప్పింది. నారు అమ్మినాయన మాట విని సలోమి నడుమ నడుమ ఆవాల సాళ్లు వేసింది. తీరా చూస్తే ఆవచెట్ల నిండా పురుగే. రోగమంతా వీటితోనే వచ్చిందని అన్నీ పీకి పారేసింది.

ఇంకేముంది, పురుగు క్యాబేజీ మీద పడింది. ఆకు తిప్పితే వడ్లగింజంత పచ్చ పురుగులు. ముట్టుకుంటే మెలికలు తిరిగి, దారం వదిలి వేలాడేవి. ఆకులు గాజుపొరలైపోయినాయి. సలోమి మందు కొట్టింది. మళ్లీ అదే మందు కొట్టింది. పురుగులు దాంతో తలంటుకుని ఇంకా నున్నగా తయారైనాయి.

"ఆవాలు యాడ పోయినాయే?" గట్టు మీద నుంచి అడిగింది కృపావరం.

"పీకేసినా అత్తా. పురుగంతా దాంట్లోనే ఉండె."

"దాంట్లో ఉండాలనే కదే వేసేది. అరుగు మీద కూచున్న చుట్టాన్ని లేపి వంటింట్లోకి తోలినావు."

కృపావరం గట్టు దిగి చేనులోకి వచ్చింది.

"కొడవలి దాచిపెట్టి, చేను నడుమ నాకో కుర్చీ వెయ్యి."

కోయకుండా వదిలేసరికి అత్త తలలో ఆవచెట్లు తాటిచెట్లంత లేచి, పసుపుపచ్చగా పూసినాయి. పొద్దు వాలే వేళకి చేనులో గుడ్లు పెట్టే బూడిదరంగు రెక్కల పురుగులన్నీ ఆ పూల మీద వాలి రెక్కలు ముడుచుకున్నాయి. ఒక్కోదాని వీపు మీద వజ్రాల వరస. ఆ మెరుపుకు వెలుగోడు చెరువులో చేపలు తెల్లారిందనుకుని పైకి లేచినాయి. ఆకుల కింది పురుగులు కూడా దారాలు వదిలి, గాలిలో ఊగుతా అత్త వైపే పోయినాయి. చేనంతా ఒకే వెండి పందిరి. చూడవచ్చిన జయలక్ష్మమ్మ చెప్పులు విడిచి నిలబడిపోయింది. పందిరి నడుమ కృపావరం కళ్లు మూసుకుని కీర్తన పాడుకుంటాండె.

"నువ్వు కాచిన కషాయం ఇంక నా తల మీద పొయ్యి" అంది.

"వేపగింజల కషాయం అత్తా, కళ్లు మండుతాయి."

"పొయ్యవే."

సలోమి కడవ ఎత్తి అత్త తల మీద కుమ్మరించింది. దారాలన్నీ తెగినాయి. తెల్లారేసరికి గోరింకలొచ్చి రాలిన పురుగునంతా ఏరుకు తిన్నాయి.

క్యాబేజీ గుండ్రాళ్లలా గడ్డకట్టింది. "ఈ చేను ఇంకెవరికీ ఇయ్యను పాపా" అంది జయలక్ష్మమ్మ, గొంతు తగ్గించి. కృపావరం తలలో మాత్రం మళ్లీ ఒక్క మొక్కా మొలవలేదు. మామూలు తెల్లజుట్టే వచ్చింది.

ఇంకా కూచున్నావేంది? ఆళ్లగడ్డకే కదా పోతాండేది. ఈ క్యాబేజీ జయలక్ష్మమ్మ ఇంట్లో ఇచ్చి పో. రెండు చేతులతో పట్టుకో, ఎద్దు తలంత ఉంది. గేటుకాడ కుక్కుంటాది, ముందే కేక వెయ్యి. బేగా లేయ్.