రెండు సున్నాల స్టేషన్

ఆ ఊళ్ళో రైలు ఆఫీసుకూ ట్రాం ఆఫీసుకూ ఉప్పూ నిప్పూ. మధ్యలో ఉన్నది ఒక్క వీధే గానీ, ఒకరి ఆఫీసులో ఒకరు టీ తాగిన పాపాన పోలేదు. అలాంటి వాళ్ళిద్దరికీ కలిపి ఒకే స్టేషన్ కట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒకటే ప్లాట్‌ఫారం. ఈ పక్క రైలు ఆగుతుంది, ఆ పక్క ట్రాం ఆగుతుంది. రైలు దిగినవాళ్ళు నాలుగడుగులు వేస్తే ట్రాంలో ఉంటారు. మెట్లు లేవు, వంతెన లేదు. కుదరని ఈ సంబంధాన్ని కుదర్చడానికి దొరికిన ఇంజనీరు చిట్టి.

చిట్టి అంటే చిన్నపిల్లేం కాదు. సైటులో ఆమె గట్టిగా అరిస్తే క్రేను ఆగిపోతుంది. ఇంట్లో పెట్టిన ముద్దుపేరు వీధిలోకి వచ్చేస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు? నాన్న రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరయ్యాడు, అమ్మ ట్రాం నడిపి రిటైరయింది. పుట్టినప్పటి నుంచీ ఈ రెండు పక్షాలకూ రాజీలు కుదురుస్తూ పెరిగిన పిల్ల కంటే ఈ పనికి అర్హత ఇంకెవరికుంటుందని రెండు ఆఫీసులూ అనుకున్నాయి. ఆ రెండూ ఏకమై ఒక మాట అనుకోవడం అదే మొదటిసారి.

చిట్టి ఒప్పుకున్న కారణం మాత్రం వేరు. మోకాళ్ళు మొరాయించి చక్రాల కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ అమ్మ ట్రాం ఎక్కలేదు. ఇంటి పక్క చిన్న హాల్టు స్టేషన్లో రైలైతే ఎక్కగలదు. పెద్ద స్టేషన్లో దిగాక ట్రాం దగ్గరికి పోవాలంటే మాత్రం వంతెన ఎక్కి దిగాలి. ఎత్తుకుని తీసుకెళతామంటే "నేనేం బియ్యం మూటనా?" అని కసురుతుంది. గాలి ఇటు తిరిగిన రోజున దూరంగా ట్రాం గంట వినబడితే మాత్రం, మాట్లాడుతున్నదల్లా మధ్యలో ఆగిపోతుంది. అది చిట్టి చూస్తూనే ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక మాటిచ్చేసింది.

"అమ్మా, నా స్టేషన్లో నిండు టీ గ్లాసు పట్టుకుని రైల్లోంచి ట్రాంలోకి పోతావు. గడప దగ్గర చుక్క ఒలికితే నేను ఇంజనీర్నే కాదు."

అమ్మ ఆ మాటను సాయంత్రానికల్లా వీధంతా చాటింది. ఇక వెనక్కి తీసుకునే దారి లేదు.

ట్రాం పట్టాల కింద కాంక్రీటు పోసే రోజు వచ్చింది. పొద్దున్నే చిట్టి హెల్మెట్ తిరగేసి తుడుచుకుంటుంటే వంటింట్లో యుద్ధం మొదలైంది. అమ్మకు కుర్చీలోంచి అందేలా గోడకు ఒక చెక్క అర బిగిస్తున్నారు. చెక్క ఆనడానికి గోడకు రెండు ఇనప ఊతలు. ఒకటి నాన్న గీత గీసి బిగించాడు, రెండోది అమ్మ. ఒకే టేపు, ఒకే కొలత. బిగించడం అయ్యాక, దిమ్మలాంటి ఆ చెక్కను పైన పెట్టి, అమ్మ దాని మీద నిమ్మకాయ ఉంచింది. నిమ్మకాయ తాపీగా నాన్న వైపుకు దొర్లి, చూడవచ్చిన చిట్టి చేతిలో ఉన్న హెల్మెట్లో పడింది.

"చూశారా, మీ వైపు పల్లం!" అంది అమ్మ.

"నా కొలత తప్పదు. చెక్క పైభాగం గీతకు సరిగ్గా వచ్చేట్టు బిగించాను," అన్నాడు నాన్న.

"పైభాగం ఏమిటండీ, చోద్యం! ముందు బిగించేది ఊత కదా? గీతకు ఊత రావాలి. చెక్క తర్వాత సంగతి!"

తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇద్దరూ భీష్మించుకున్నారు. చిట్టి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నపళంగా ఆగిపోయింది.

రైలువాళ్ళు ఎత్తులన్నీ పట్టా తల మీద నుంచి కొలుస్తారు. చక్రం దొర్లేది అక్కడే కాబట్టి వాళ్ళ సున్నా అక్కడ. ట్రాంవాళ్ళు పట్టా పాదం కింద నుంచి కొలుస్తారు. ముందు పోసేది కాంక్రీటు కాబట్టి వాళ్ళ సున్నా అక్కడ. ఉమ్మడి డ్రాయింగులో మాత్రం సున్నా అని ఒకటే గీత ఉంది. రెండు ఆఫీసులూ దాన్ని చూసి తలూపాయి. ఇద్దరూ ఒకేసారి తలూపారన్న సంబరంలో చిట్టి కూడా తలూపింది. ఇప్పుడు ఆ గీతకు కాంక్రీటు పోస్తే, దాని మీద పట్టా కూర్చుంటే, ట్రాం గడప ప్లాట్‌ఫారం కంటే జానెడు పైకి లేస్తుంది. జానెడంటే మెట్టు. మెట్టంటే అమ్మకు గోడే.

"కొంప మునిగింది," అంది చిట్టి.

రైలు పెద్దాయనకు ఫోను చేస్తే "మా సున్నాలో తప్పేమీ లేదమ్మా," అన్నాడు. ట్రాం పెద్దావిడకు చేస్తే "మా సున్నా మా పాతవాళ్ళు పెట్టింది," అంది. "ఇద్దరూ సైటుకు రండి, మీ కాళ్ళు పట్టుకుంటాను," అని చిట్టి హెల్మెట్ చేత పట్టుకునే బయటికి పరుగెత్తింది. పోత ఆపమందామంటే సైటు మేస్త్రీ అసలు ఫోనే ఎత్తలేదు. వెనకనుంచి కుర్చీ చక్రాల చప్పుడు వినిపించింది.

"నువ్వెక్కడికమ్మా?"

"నా ట్రాం సంగతి నేను చూసుకోకపోతే ఎవరు చూస్తారే? మీరు తొయ్యండి!"

నాన్న తోశాడు. సిగ్నల్ లేకుండా రైలు నడపకూడదని జీవితమంతా చెప్పిన మనిషి, రోడ్డు మీద అటూ ఇటూ చూడకుండా పరుగెత్తాడు. రైలెక్కి, రైళ్ళు ముందే ఆగడం మొదలైన కొత్త ప్లాట్‌ఫారం మీద దిగేసరికి అవతల ట్రాం పట్టాల కోసం తవ్విన గోతిపక్కన కాంక్రీటు లారీ డ్రమ్ము గిర్రున తిరుగుతోంది. దాని నుంచి కాంక్రీటు జారే తొట్టి గోతిలోకి వంగి ఉంది.

"ఆపు!" అంది చిట్టి.

"కలిపింది గట్టిపడిపోతుంది మేడమ్," అన్నాడు మేస్త్రీ. "ఆపాలంటే రెండు ఆఫీసుల పెద్దలూ చెప్పాలి. ఒక్క మీ మాట మీద ఆపితే నా ఉద్యోగం ఊడుతుంది."

అతనన్నదీ నిజమే. ఇంతలో అమ్మ, తోపుడుబండ్ల కోసం వేసిన చెక్కల మీదుగా నాన్న చేత గోతిలోకి దింపించుకుని, సరిగ్గా ఆ తొట్టి కింద కుర్చీకి బ్రేకు వేసుకుంది.

"పొయ్యి బాబూ. నా మీదే పొయ్యి. మెట్టు ఎలాగూ కడుతున్నారుగా, పక్కన విగ్రహం కూడా ఉంటుంది."

నాన్న ఆమె పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏ విషయంలోనైనా వాళ్ళిద్దరూ ఒక పక్కన నిలబడటం చిట్టి అప్పుడే చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

పెద్దలు ఆగమేఘాల మీద వచ్చారు. వస్తూనే ఎవరి సున్నా గొప్పదో మొదలుపెట్టారు. చిట్టి వాళ్ళతో వాదించలేదు. సైటులో పడున్న పట్టా ముక్కను, డ్రాయింగు ప్రకారం కాంక్రీటు రావలసిన ఎత్తులో దిమ్మల మీద పెట్టించింది. దాని తల మీద, ట్రాం గడప ఎత్తుకు కోసిన కర్రను నిలబెట్టింది. ఆ కర్ర మొన నుంచి ప్లాట్‌ఫారం అంచుకు ఒక పలక వేయించింది. హెల్మెట్లోంచి నిమ్మకాయ తీసి పలక మీద ఉంచింది.

నిమ్మకాయ గబగబా దొర్లుకుంటూ వచ్చి రైలు పెద్దాయన బూటుకు తగిలి ఆగింది.

ట్రాం పెద్దావిడ ఫక్కున నవ్వింది. పెద్దాయన నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించాడు, పాపం, వల్ల కాలేదు. "ఆపండి," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ గొయ్యి ఇంకో జానెడు లోతుకు తవ్వాలని అక్కడికక్కడే తేల్చారు.

"మరి లారీలో ఉన్నది?" అని మేస్త్రీ తల పట్టుకున్నాడు. ప్లాట్‌ఫారం చివర టీ కొట్టుకని ముందే విడిచిపెట్టిన చోటుంది. కాంక్రీటంతా అక్కడ పోశారు. అంత గట్టి పునాది ఉన్న టీ కొట్టు మరే ఊళ్ళోనూ ఉండదు.

స్టేషన్ తెరిచిన రోజు వీధి వీధంతా దిగింది. అమ్మ ఆ కొట్టులోనే టీ తీసుకుంది, గ్లాసు అంచు దాకా పోయించి మరీ. రెండు అరచేతుల మధ్యా పట్టుకుంది. నాన్న కుర్చీని మెల్లగా తోశాడు. చిట్టి ఊపిరి బిగబట్టింది. చక్రాలు ప్లాట్‌ఫారం దాటాయి, గడప దాటాయి, లోపలికి వెళ్ళాయి. చుక్క ఒలకలేదు.

వీధివాళ్ళు ఈలలు వేశారు. సరిగ్గా అప్పుడే డ్రైవరు గంట కొట్టింది. పాతకాలం గంటే, అమ్మ ఒకప్పుడు కొట్టిన గంట లాంటిదే. అమ్మ కుడిచెయ్యి గ్లాసు వదిలి, పాత అలవాటున గంట కొట్టబోయింది. గ్లాసులో టీ సగం ఒళ్ళో పడిపోయింది.

"చూశావా చిట్టీ, మీ నాన్న ఎలా తోశారో, అంతా ఒలికింది!" అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

నాన్న అప్పటికి ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. గడప దగ్గరే చేతులు తీసేశాడు. కుర్చీ తనంతట తానే వెళ్ళింది.