నలుగురు కాపలావాళ్ళు

“ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా,” అన్నాడు భర్త, బూట్ల లేసులు బిగించుకుంటూ.

వాషింగ్ మెషీన్ బాగుచేసే మనిషి పదింటికి వస్తాడట, దగ్గరుండి చూసుకోవాలట. అమ్మకి రెండు గంటలకోసారి కంట్లో చుక్కలు వేయాలట. అతను చెప్పాల్సినవన్నీ చెప్పి, “మధ్యలో నీ పని నువ్వు చేసుకో, ఎవరొద్దన్నారు?” అని ఉదారంగా నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ ‘ఎలాగూ’ మీద ఆమెకు పన్నెండేళ్ళుగా కోపం. ఎలాగూ లేచావుగా, నాకూ ఒక కప్పు టీ. ఎలాగూ అటే వెళ్తున్నావుగా, పిల్లని బడి దగ్గర దింపు. ఎలాగూ ఖాళీగానే కూర్చున్నావుగా. ఈ చివరిది ఆడపడుచు మాట. ఆ రోజు తను ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని ఒక రైలు ప్రమాదంలో పోయినవాళ్ళ జాబితాను మూడు ఆసుపత్రుల జాబితాలతో సరిపోల్చుకుంటోంది. పైకి చూసేవాళ్ళకు అది కూర్చోవడమే.

పత్రికలో ఆమెది నిజనిర్ధారణ విభాగం. విభాగమంటే ఆమె, ఒక బల్ల, ఒక ఫోను. విలేకరులు రాసుకొచ్చిన దాన్ని అచ్చుకు ముందు సరిచూడటం పని. తప్పు దొరికితే దిద్దుతుంది, దొరక్కపోతే ఆమె ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. అత్తగారి కంటి ఆపరేషన్ మూలంగా ఈ వారమంతా ఆ విభాగం భోజనాల బల్ల మీదికి మారింది.

ఈసారి తేలాల్సింది నాలుగు రోజుల నాటి డ్రోన్ దాడి. కొండల మధ్య ఊళ్ళో, తెల్లవారకముందే, ఒక ఇంటి మీద బాంబు పడింది. తొమ్మిది మంది మిలిటెంట్లు చనిపోయారని సైన్యం ప్రకటించింది: లోపల అయిదుగురు, బయట మార్చి మార్చి కాపలా కాస్తున్న నలుగురు. జిల్లా ఆసుపత్రికి చేరినవి ఆరు శవాలు. మిలిటెంట్లేమో మావాళ్ళెవరూ పోలేదన్నారు. వాళ్ళు అబద్ధమాడటమూ కొత్త కాదు. ఊరివాళ్ళు మాత్రం ముసలి దంపతులు, కొడుకు, కోడలు, ఇద్దరు పసిపిల్లలు, అంతే అన్నారు. ఆఫీసులో అందరూ ‘ఫిరంగి’ అని పిలిచే సీనియర్ విలేకరి తొమ్మిదనే రాశాడు. పోటీ చానల్ ఆరంటోంది.

“నాలుగింటికల్లా తేల్చమ్మా,” అన్నాడు ఎడిటర్ పొద్దున ఫోన్‌లో. “తేలలేదా, రెండు కథనాలూ పక్కపక్కన వేసేద్దాం. పాఠకులే తేల్చుకుంటారు.”

పాఠకులెలా తేల్చుకుంటారు? నాలుగు రోజులుగా ఇదే పని మీదున్న తనకే తేలనిది, టీ తాగుతూ పేపరు తిప్పే మనిషికి ఎలా తేలుతుంది? రేపు ఆ రెండు కథనాల్లో గట్టిగా మాట్లాడేదే మిగులుతుంది. ఆ ఇల్లు మిలిటెంట్ల స్థావరంగానే లెక్కల్లోకి ఎక్కుతుంది, ఆ ఇంటి పిల్లలతో సహా.

మెషీన్ మనిషి పదకొండున్నరకి వచ్చాడు. తలుపు తీయగానే ఆమె భుజం మీదుగా లోపలికి చూసి, “సార్ లేరా?” అన్నాడు. లేరంది. బెల్టు తెగిందని చెప్పడానికి సార్ నంబరు కావాలన్నాడు. అదే సమయానికి, ఆమె నలభై నిమిషాలుగా ప్రయత్నిస్తున్న ఆసుపత్రి ఫోన్ కలిసింది. నానబెట్టిన దుప్పటి పిండుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఆమె అడిగితే, అవతలి గుమాస్తా, “మీ పెద్దవాళ్ళెవరైనా మాట్లాడితే చెబుతానమ్మా,” అన్నాడు. తనకు నలభై మూడేళ్ళని, తనకంటే పెద్దవాళ్ళంటే ఇంట్లో అత్తగారొక్కరేనని చెప్పాలనిపించింది. “శవాలు ఆరా, తొమ్మిదా, అంతే చెప్పండి,” అంది. “ఆరే. పొద్దున్నించీ ఎంతమంది అడుగుతారు?” అని పెట్టేశాడు. విసుక్కున్నా చెప్పాడు. దానికైనా సంతోషించాలి.

సైన్యం తన మాటకు రుజువుగా దాడికి ముందటి నలభై నిమిషాల వీడియో విడుదల చేసింది. ఒంటి వేడిని పట్టే కెమెరా అది. మనుషులు తెల్లటి మరకల్లా కనిపిస్తారు, మిగతాదంతా బూడిద రంగు. ఇంట్లోంచి ఒక మరక వస్తుంది, వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. ఆమె దాన్ని ఇప్పటికి పదిహేడుసార్లు చూసింది. పద్దెనిమిదోసారి నడుస్తుండగా అత్తగారికి చుక్కలు వేసే వేళయింది.

అత్తగారు చుక్కలు వేయించుకుని, కన్నీళ్ళలా కారుతున్న మందు పైట చెంగుతో ఒత్తుకుని, బల్ల ముందుకు కుర్చీ జరుపుకుంది.

“ఏమిటే ఆ సినిమా, రంగూ లేదు, పాటా లేదు?”

“దాడి వీడియో అత్తయ్యా. ఆ తిరిగేవాళ్ళు కాపలావాళ్ళట. నలుగురట.”

అత్తగారు ముందుకు వంగింది. గత పన్నెండేళ్ళలో ఆవిడ ఈ కంప్యూటర్ గురించి అన్న మాటలు ఆమెకు వరసగా గుర్తే. దాని ముందు కూర్చుంటే కూర ఉడుకుతుందా? మా కాలంలో ఆడవాళ్ళు నిలబడి పనిచేసేవాళ్ళు. ఇప్పుడూ అలాంటిదేదో వస్తుందని ఆమె ఎదురుచూసింది.

“నలుగురేమిటి? ఒక్కతేగా,” అంది అత్తగారు.

“ఒక్కతా?”

“కళ్ళు పెట్టి చూడు. పోయేటప్పుడు చరచరా పోతోంది. వచ్చేటప్పుడు ఒక పక్కకి ఒరిగి, నెమ్మదిగా. చేతిలో బరువుంది. నీళ్ళు మోస్తోందే. ఇదిగో, ఇక్కడ ఆగింది చూడు, చెయ్యి మార్చుకుంది. నేనూ అంతే, సగం దారిలో మార్చుకునేదాన్ని.”

“బకెట్ కనబడట్లేదుగా అత్తయ్యా?”

అడుగుతుండగానే ఆమెకు జవాబు తట్టింది. వేడి కెమెరా అది. చన్నీళ్ళ బకెట్ దానికి నేలతో సమానం.

“మొదట ఒంటి నిండా కప్పుకుంది, చలి. నాలుగు నడకలకి ఒళ్ళు వేడెక్కింది, తీసేసింది. ఇప్పుడు లావుగా వచ్చిందే, అది పక్కలోంచి అప్పుడే తీసిన వెచ్చటి బట్టల మూట. ఇదిగో, పిల్ల లేచినట్టుంది, ఈసారి చంకన వేసుకుంది, భుజం ఎత్తింది.” అత్తగారు వేలితో తెర మీద తాకింది. “నలుగురి పని ఒక్కతే చేస్తుంటే నలుగురనుకున్నారు పాపం. పొద్దున్నే ఎప్పుడు లేచిందో తల్లి.”

ఆమె వీడియో ఆపింది. కప్పుకున్న మనిషి, కప్పుకోని మనిషి, లావుపాటి మనిషి, ఎత్తు భుజం మనిషి. నలుగురు. తలుపులోంచి వచ్చిన ప్రతి కొత్త ఆకారాన్నీ కొత్త మనిషిగా రాసుకున్నారు. కాపలా ఉందంటే లోపల కాపాడవలసినవాళ్ళు ఎవరో ఉండే ఉంటారనుకున్నారు. నలుగురిలో ముగ్గురిని తీసేస్తే తొమ్మిది కాస్తా ఆరవుతుంది. ఆసుపత్రి లెక్క, ఊరి లెక్క. అన్నిటికంటే ఆమెను కుదిపింది ఇంకొకటి. పదిహేడుసార్లు చూసిన తనకు కూడా అది కనబడలేదు. తెల్లవారకముందు ఇంటి చుట్టూ తిరిగే మనిషి కాపలాదారే అయి ఉంటాడని ఎవరో చెప్పారు, తనూ అదే చూసింది. రోజూ ఆ వేళకు బాల్కనీకీ వంటింటికీ మధ్య తను ఎన్నిసార్లు తిరుగుతుందో, పైనుంచి ఎవరైనా లెక్కపెడితే తనెంతమంది అవుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

“అత్తయ్యా, ఈ మాట నేను రాసుకోవచ్చా?”

“నా మాట ఎవరు వింటారే?” అంది అత్తగారు, కానీ కుర్చీ మాత్రం వెనక్కి జరపలేదు.

మాట చాలదు, ఆధారం కావాలి. ఆ ఊరి నర్సుకు ఫోన్ చేసింది. శవాలను కడిగింది ఆ నర్సే. ఊళ్ళో నీళ్ళెక్కడివని అడిగితే, వీధి కుళాయి ఒకటే ఉందనీ తెల్లవారుజామున నాలుగున్నర నుంచి అయిదుంపావు దాకా వదులుతారనీ చెప్పింది. “ఆ ఇంట్లో మోసేది కోడలే. అత్తకి నడుం లేవదు. ఇంతవరకూ ఎవరూ నన్ను ఈ సంగతి అడగలేదు మేడమ్. అందరూ తుపాకుల గురించే అడిగారు.” పంపు నడిపే మనిషి నంబరు కూడా ఆవిడే ఇచ్చింది. అతను రిజిస్టరు తీసి ఫోటో పంపాడు. ఆ రోజు నీళ్ళు వదిలిన సమయం నాలుగూ ముప్పై. వీడియోలో ఆ మరక మొదటిసారి గుమ్మం దాటింది నాలుగూ ముప్పై ఒకటికి.

రెండింటికి ఎడిటర్‌తో మాట్లాడింది. అంతా విని ఆయన నవ్వాడు. “అంటే, మీ అత్తగారి మాట మీద సైన్యం లెక్క తప్పంటామా అమ్మా?”

వెనక నుంచి ఫిరంగి గొంతు వినబడింది. “వంటింటి నిఘా విభాగం సార్!” ఎవరో పగలబడి నవ్వారు.

“అత్తగారు దారి చూపించారు సార్. నేను చెప్పేది పంపు రిజిస్టరు మీద,” అంది. “రిజిస్టరు పంపాను. ఆమె పది బకెట్లు ఇంటికి చేర్చిన వీడియో సమయాలు పక్కన రాశాను. నర్సు మాట రికార్డు చేశాను.”

కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. “ఊఁ,” అన్నాడు ఎడిటర్, ఈసారి నవ్వకుండా. “వాళ్ళ వివరణ లేకుండా వేయలేం. సైన్యం ప్రతినిధి ఏదో ఒకటి అనాలి. ఆయన దొరక్కపోతే రెండు కథనాలే.”

ఆ వెంటనే భర్త ఫోన్. “మెషీన్ అయిందా? ఏంటి, అమ్మ యుద్ధ నిపుణురాలైందట? ఇప్పుడే చెప్పింది ఫోన్‌లో. కొత్త కన్నుకి అన్నీ కనిపిస్తున్నట్టున్నాయి!”

స్పీకర్‌లో ఆ మాట విని పక్క గదిలోంచి అత్తగారు అరిచింది. “పాత కంటికీ కనబడేవని చెప్పు వాడికి! అడిగినవాడెవడు?”

ప్రతినిధి మూడూ ఇరవైకి దొరికాడు. మర్యాదస్తుడు. మొదటి మూడు ప్రశ్నలకు ఒకే జవాబు చెప్పాడు: శిక్షణ పొందిన నిపుణులు విశ్లేషించారు, కదలికలు కాపలా పద్ధతిలో ఉన్నాయి. కుళాయి గురించి తమకు సమాచారం లేదన్నాడు. ఆమె రిజిస్టరు ఫోటో పంపింది, తెరిచి చూసేదాకా ఆగింది. ఆయన చూశాడు. ఆ సమయాన్ని ఒకసారి పైకి చదువుకున్నాడు కూడా.

“ఇంకొకటే అడుగుతానండీ,” అంది. “మీ ఇంట్లో అందరికంటే ముందు లేచేదెవరు?”

“దానికీ దీనికీ సంబంధం ఏంటండీ?”

“లేచి ఏమేం చేస్తారో, ఎన్నిసార్లు బయటికీ లోపలికీ తిరుగుతారో మీరెప్పుడైనా చూశారా?”

పెట్టేస్తాడనుకుంది. అటువైపు ఎక్కడో ఒక తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత వచ్చిన గొంతు ప్రకటనలు చదివే గొంతులా లేదు.

“నాకు తెలియదండీ. నేను లేచేసరికి అన్నీ అయిపోయుంటాయి.”

“ఇది మీ పేరుతో రాస్తున్నానండీ.”

“రాయండి,” అన్నాడాయన.

ఆమె ఫోన్ పెట్టేసి, అంతకుముందు రాసుకున్న మొదటి పేరా మొత్తం చెరిపేసింది. ఆ ఖాళీలో ఆయన మాటను ఒక్క అక్షరం మార్చకుండా పెట్టింది. దాని కింద, ఆ మాట అన్నప్పుడు సమయం మూడూ నలభై రెండని రాసి, రెండో వాక్యం మొదలుపెట్టింది: దాడి జరిగిన రోజు ఆ ఇంట్లో అన్నీ ఇంకా అయిపోలేదు, కోడలు పదకొండో బకెట్ కోసం బయటికి వచ్చింది.