ఆయన చేతి గోలీలు

సకల జనుల సమ్మెతో బస్సులు నిలిచిపోయిన రోజులవి. ఉప్పల్‌లో కూరగాయలు కొనుక్కుని శ్యామలమ్మ, ఆమె భర్త కనకరాజు నాచారంలోని ఇంటికి నడిచే బయలుదేరారు. దారిలో ఆమె ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. వెనకాల వస్తున్న కనకరాజు వంగి దాన్ని అందుకుని, నవ్వుతూ పిలవబోయి ఆగిపోయాడు. కంకర తేలిన రోడ్డు మీద ఆమె ఉత్త కాలితో మామూలుగా నడిచిపోతోంది.

"శ్యామలా, రాళ్లు గుచ్చుకుంటలేవా?"

ఆమె కిందికి చూసుకుంది. అరికాలు చీరుకుని నెత్తురు వస్తోంది. ఆమె ముఖం పాలిపోయింది.

ఇంటికి చేరాక ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని గాయం కడిగాడు కనకరాజు. అప్పుడు ఆమె నోరు విప్పింది.

"శాన రోజుల సంది దూది మీద నడిసినట్టుంటున్నదయ్యా. మా మల్లవ్వ అక్కకు గిట్లనే మొదలైంది. ఆఖరికి కాలు తీసేసిన్రు. నీకు జెప్తే దవాఖానాకు తీస్కపోతవని భయపడ్డ."

శ్యామలమ్మకు షుగరొచ్చి పదేళ్లు. కనకరాజు ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లోనూ, రిటైరయ్యాకా, పొద్దున టిఫిన్ కాగానే షుగర్ గోలీ ఆమె చేతిలో పెట్టి, మింగిందాకా కదిలేవాడు కాదు.

మర్నాడు దవాఖానాలో డాక్టరమ్మ శ్యామలమ్మ పాదాలు, నాలుక పరీక్షించింది. ఏం తింటారని అడిగింది.

"గురుమంత్రం తీస్కున్నంక మాంసం, గుడ్డు ఇడిసిపెట్టిన. పాలు నాకు పడయి."

"షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర ఎన్నాళ్లుగా వాడుతున్నారు?"

"పదేండ్లమ్మా. ఒక్క పూట తప్పనియ్యలే," కనకరాజే గర్వంగా జవాబిచ్చాడు.

రక్తపరీక్ష ఫలితం వచ్చాక ఆవిడ నెమ్మదిగా వివరించింది. "షుగర్ వల్ల కూడా తిమ్మిరి వస్తుంది. కానీ ఈమెకు బీ12 విటమిన్ బాగా పడిపోయింది. ఈ మాత్ర ఏళ్ల తరబడి వాడితే కొందరికి అది ఒంటికి అందడం తగ్గుతుంది. పైగా అది దొరికే తిండీ మానేశారు. ఇంజక్షన్లు ఇద్దాం, చాలావరకు కోలుకోవచ్చు. షుగర్ మాత్ర మాత్రం ఆపొద్దు. ఏడాదికోసారి బీ12 పరీక్ష కూడా చేయించుకోండి."

మర్నాడు పొద్దున శ్యామలమ్మ గ్లాసు పట్టుకుని కూర్చుంటే, కనకరాజు గోలీల అట్ట ముందు పెట్టుకుని గోలీ తీయకుండా కూర్చున్నాడు.

"ఏందయ్యా?"

"నా చెయ్యి వస్తలేదు శ్యామలా. గిన్నేండ్లు నేనే గదా నీకు దగ్గరుండి మింగిచ్చింది."

ఆమె గ్లాసు కింద పెట్టి ఆయన చేయి పట్టుకుంది. "మా అక్కకు యాది జేసి గోలీ ఇచ్చేటోళ్లు ఎవ్వలు లేకుండె. షుగర్ ముదిరి గట్లయింది. నువ్వుండబట్టే నా కండ్లు, కిడ్నీలు మంచిగున్నయి. ఆ డాక్టరమ్మ ఆపొద్దన్నది ఇనలేదా? ఇటియ్యి."

ఆయన ఇచ్చాడు. ఆమె మింగి, ఆయన కళ్లు కొంగుతో తుడిచింది.

ఇంజక్షన్లు మొదలయ్యాక ముందు నీరసం తగ్గింది. పాలు పడకపోయినా, రోజూ కాస్త పెరుగు అలవాటు చేసుకుంది. చలికాలం వెళ్లిపోయే వేళకు ఒకనాడు సాయంత్రం, వాకిట్లో కూర్చోబెట్టి కనకరాజు ఆమె కాలిగోళ్లు తీస్తున్నాడు.

"అబ్బా! జర మెల్లగ!" కాలు లాక్కుంది శ్యామలమ్మ.

కనకరాజు తలెత్తి చూశాడు. "నొచ్చిందా?"

"నొయ్యదా మరి? చిటికెన వేలే ఇంకా మొద్దుగున్నది. కడమ అన్నీ తెలుస్తున్నయి."

ఆయన నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయాడు.

"పెండ్లాం కాలు నొస్తే గింత సంబురమా?" అని కసురుకుంటూనే, ఆమె రెండో కాలు కూడా ఆయన ఒళ్లో పెట్టింది.