అరువు బిడ్డ

బాలమణి ఒళ్ళో ఉన్న బిడ్డ బాలమణి బిడ్డ కాదు.

తెల్లగా బొద్దుగా, ఒళ్ళంతా పౌడరు పూయించుకుని, నడుముకి వెండి మొలతాడుతో మెరిసిపోతున్న ఆ పిల్లాడు సూపర్‌వైజర్ తారామణికి మనవడు. పొద్దున్నే ఆటోలో దిగాడు. ఎరగని ఒళ్ళో కూర్చోబెట్టేసరికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. బాలమణి సొంత కూతురు స్వరూప పక్కింటి శారదమ్మ వంటగదిలో, గొళ్ళెం పెట్టిన తలుపు వెనకాల, ఏడవడానికి కూడా ఓపిక లేక పడి ఉంది. ఏడాదిన్నర పిల్ల. ఎత్తుకుంటే చేతికి ఎముకలు తప్ప మరేమీ తగలవు.

నాచారం ఫ్యాక్టరీల వెనక ఉన్న రాళ్లగుట్ట బస్తీలో, ఎనభై తొమ్మిది ఎండాకాలంలో, జనార్ధనరావు అనే గొప్ప ఆఫీసరు గారి తనిఖీకి జరిగిన ఏర్పాటు ఇది.

సర్కారు పథకం చెవికి ఎంత ఇంపుగా ఉంటుందో! బాల్వాడి టీచరు సూర్యకళ రోజూ ఇల్లిల్లూ తిరగాలి. పసిపిల్లల తల్లులతో మాట్లాడాలి, ఏం పెడుతున్నారో అడగాలి, పిల్లల్ని తూకం వెయ్యాలి. మరీ చిక్కిపోయిన బిడ్డకి రెండింతల పోషకాహారపు పిండి ఇవ్వాలి, పెద్ద దవాఖానాకి చీటీ రాయాలి. సూర్యకళ తిరుగుతోందా లేదా అని తారామణి చూడాలి. తారామణి చూస్తోందా లేదా అని జనార్ధనరావు చూడాలి. ఆయన పైన ఇంకొకడు, వాడి పైన మరొకడు. ఇంతమంది ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు గాని, వీళ్ళలో బిడ్డ మొహం చూసినవాడు ఒక్కడూ లేడు. బిడ్డని చూసే సూర్యకళ మాట వీళ్ళలో ఎవరూ చెవిన వేసుకోరు.

"చిక్కిన పిల్లలు కనబడితే సారు బాల్వాడిని ఎత్తేస్తారు. నీకు అదే కావాలా?" అని ముందురోజు తారామణి బాలమణిని బెదిరించింది. బాలమణి ఇల్లు రోడ్డుకి దగ్గర, కింద సిమెంటు నేల. అందుకని ఆ ఇంటినే ఎంచింది. సీసామూతల కంపెనీలో కూలి పోగొట్టుకుని మరీ బాలమణి ఇంట్లో కూర్చుంది.

జనార్ధనరావు ఫోటో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని జీపు దిగాడు. బూట్లు విప్పలేదు, గడప దాటలేదు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మురికి కాలవని, ఇంటిని ఒకే చూపుతో చూశాడు.

"బాబుకి ఏం పెడుతున్నావమ్మా?"

బాలమణి నేర్పిన పాఠం అప్పజెప్పింది. "ఆకుకూర పప్పు సారూ. ఉడకబెట్టిన గుడ్డు."

ఆయన వొంగి పిల్లాడి బుగ్గ గిల్లాడు. పిల్లాడు ఆయన చేతిమీదే ధార వదిలాడు. ఆయన గారి నవ్వు ఒక్క క్షణం ఆరిపోయి, ఫోటో తీసేవాడు గుర్తొచ్చి మళ్ళీ వెలిగింది. "చూశారా తారామణిగారూ! ఇదీ మన కృషికి ఫలితం," అన్నాడు.

అప్పుడే గోడ అవతల నుంచి సన్నటి మూలుగు వినిపించింది.

"అదేమిటి?" అన్నాడు జనార్ధనరావు.

"మేక సార్," అంది తారామణి తడుముకోకుండా.

సూర్యకళ తల దించుకుంది. బాలమణికి లేచి గోడ అవతలికి పరిగెత్తాలనిపించింది. ఒళ్ళో ఇంకొకరి బిడ్డ ఉన్నాడు, ఎదురుగా సర్కారు నిలబడి ఉంది. లేవలేకపోయింది. ఆ లేవలేకపోవడం మీద ఆమెకి పుట్టిన అసహ్యం ఆ తర్వాత ఎన్ని రాత్రులైనా చల్లారలేదు.

నెల తిరగకుండానే ఫలితం వచ్చింది. సూర్యకళ గిన్నెలో సగం పిండే కొలిచి పోసింది.

"గిదేంది పిల్లా?"

"డబల్ పిండి బంద్ అక్కా. రాళ్లగుట్టల చిక్కిన పిల్లలు ఒక్కరు గూడ లేరని సారు పైకి చెప్పిండంట. దవాఖానా చీటీ గూడ రాయొద్దన్నరు."

"మరి నా స్వరూప?"

"స్వరూప లేదు అక్కా. వాళ్ళ లెక్కల లేదు," అని సూర్యకళ ఏడ్చేసింది.

బాలమణి ఏడవలేదు. స్వరూపని చంకనేసుకుని, శారదమ్మని, మరికొందరు తల్లుల్ని తీసుకుని ఉప్పల్‌లో ఉన్న ఆఫీసుకి పోయింది. బంట్రోతు తల కూడా ఎత్తలేదు.

"సారు లేడు. ఫీల్డుకు పోయిండు."

"ఫీల్డంటే యాడ బిడ్డా?" శారదమ్మ అడిగింది.

"బస్తీలు."

"మేం బస్తీలకెళ్ళే వస్తున్నం గదరా! మాకు కండ్లు లేవా?"

ఎన్నిసార్లు పోయినా ఇదే పాట. ఆఫీసుకి పోతే సారు బస్తీలో ఉంటాడు, బస్తీలో చూస్తే ఆఫీసులో ఉంటాడు. ఈ లోపల స్వరూపకి విరేచనాలు పట్టుకున్నాయి. చీటీ లేకుండా పెద్ద దవాఖానాకి తీసుకుపోతే గేటు దగ్గరే వెనక్కి తిప్పి పంపారు. ఆ రోజు బస్సులో బాలమణి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి ఆడుతోందా లేదా చూసుకుంటూ ఇంటికొచ్చింది.

ఆదివారం ఫ్యాక్టరీ కార్మికుల యూనియన్ షెడ్డులో మీటింగు పెట్టారు. ఎప్పుడూ మగవాళ్ళే కూర్చునే బెంచీల మీద ఆ రోజు చంటిపిల్లల తల్లులు కూర్చున్నారు. యూనియన్ నాయకుడు బిక్షపతి నిజాయితీపరుడు, రెండుసార్లు జైలుకి పోయొచ్చినవాడు. కాకపోతే ప్రతి మాటనీ ఎక్కడో పైనుంచి మొదలుపెడతాడు.

"అక్కా, గిది ఒక్క ఆఫీసరు సమస్య గాదు, వ్యవస్థ సమస్య. మెమొరాండం ఇద్దాం. జీతాల కొట్లాట అయినంక దీన్ని ఎజెండల పెడదాం."

"నీ జీతాల కొట్లాటకు మేం గేటుకాడ ఎండల కూసున్నప్పుడు ఎజెండ అడిగినమా బిడ్డా?" అంది శారదమ్మ.

షెడ్డంతా నవ్వులు. బిక్షపతి మెడ గోక్కున్నాడు.

బాలమణి మొగుడు సాంబయ్య లేచాడు. గూడ్సు షెడ్డులో మూటలు మోసి మోసి వంగిన మనిషి. "ఆఫీసరుతోని పెట్టుకుంటే బాల్వాడినే ఎత్తేస్తరు. ఉన్న సగం పిండి గూడ పోతది. నా మాట ఇనున్రి."

"నేనూ గట్లనే భయపడ్డ," అంది బాలమణి. "భయపడే ఎవలి బిడ్డనో ఒళ్ళె కూసోబెట్టుకున్న. నా బిడ్డను మేక అంటే నోరు మూసుకున్న. భయపడ్డందుకు మనకేమొచ్చింది? సగం పిండి. ఇంకింత భయపడితే ఇంకింత పోతది. ఆఫీసుకు పోతే సారు దొర్కడు. మన ఇండ్లకు మాత్రం ఎప్పుడంటే అప్పుడు వస్తడు. మరి ఆయనకు ఇల్లు లేదా?"

"ఇంటికి పోయి ఏం జేస్తం? కొడ్తమా?" అన్నాడు బిక్షపతి.

"కొట్టుడెందుకన్నా? మన ఇంటికొచ్చి ఆయన అడిగేదే, ఆయన ఇంటికి పోయి మనం అడుగుదం," అంది బాలమణి.

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బెంచీ నుంచి బెంచీకి పాకి చివరికి షెడ్డు రేకులు అదిరాయి. వెనకాల తలుపు దగ్గర నిలబడ్డ సూర్యకళ ముందుకొచ్చింది. "సారిల్లు నాకు ఎరుకే. హబ్సిగూడల. పండుగకు తారామణి మేడం స్వీట్ డబ్బాలు నాతోనే మోపిచ్చింది."

"నీ నౌకరి పోతది పిల్లా," అంది శారదమ్మ.

"పోతే పోనియ్. ఇల్లిల్లు తిరుగుడే నీ పని అన్నరు గద. తిరుగుత."

"మేం గూడ వస్తం," అన్నాడు బిక్షపతి.

"రా కొడుకా. గని జర ఎనక నడువు," అంది శారదమ్మ.

ఆ మరుసటి ఆదివారం పొద్దున జనార్ధనరావు వరండాలో బనీనూ లుంగీతో పేపరు చదువుకుంటున్నాడు. గేటు తోసుకుని పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. వరండా నిండింది, మెట్లు నిండాయి, పూలకుండీల మధ్యా కూర్చున్నారు. శారదమ్మ పోయి ఉయ్యాల బల్ల మీద కాళ్ళు ముడుచుకు కూర్చుంది.

"ఎవరు మీరు? ఏమిటిది?"

"ఇంటి తనిఖీ సారూ. భయపడకున్రి, జర సేపే," అంది శారదమ్మ.

బాలమణి ఆయన ఎదురుగా నిలబడి నేరుగా అడిగింది. "పొద్దుగాల ఏం తిన్నరు?"

"ఏం వేళాకోళంగా ఉందా?"

"సారు జవాబు చెప్తలేడు. మేం చెప్పకపోతే తల్లులు సహకరిస్తలేరని రాస్తరు గద సూర్యకళా, గట్లనే రాసుకో." సూర్యకళ చేతిలో కాగితమూ లేదు, కలమూ లేదు. అయినా ఎంతో శ్రద్ధగా తలూపింది.

"తినేముందు చేతులు సబ్బుతోని కడిగిన్రా?" ఇంకో తల్లి అడిగింది.

"గోర్లు సూపియ్ సారూ!"

"పిల్లల నడుమ ఎన్నేండ్ల ఎడం పెట్టిన్రు?" వెనకనుంచి ఒక గొంతు. ఆడవాళ్ళు పడిపడి నవ్వారు. చుట్టుపక్కల డాబాల మీదికి ఆ కాలనీ సైంటిస్టులూ ఇంజనీర్లూ టీ గ్లాసులతో ఎక్కారు. ఎవరో గట్టిగా నవ్వి, దాన్ని దగ్గు కింద మార్చుకున్నారు. జనార్ధనరావు మొహం కందగడ్డ అయింది. బస్తీలో తల్లులందరినీ నిలదీసి అడిగే ప్రశ్నలు తన వరండాలో ఇంత చేదుగా ఉంటాయని ఆ మహానుభావుడికి అంతవరకూ తెలియదు.

లోపలినుంచి ఆయన భార్య రాజేశ్వరమ్మ వచ్చింది. స్వరూపని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఈ పాపేమిటి ఇలా ఎండిపోయింది? డాక్టరుకి చూపించలేదూ? ఈ తల్లులకి బొత్తిగా శ్రద్ధ ఉండదు."

"మీ ఆయన్నే అడుగమ్మా," అంది బాలమణి. "ఈమె లేదని సర్కారుకు చెప్పింది ఆయనే. మా ఇంటికొచ్చిన్నాడు ఈమె మూల్గితే మేక అన్నరు. ఆయన మేకే అనుకున్నడు." బిడ్డ మీది గుడ్డ తీసి ఆయనకి చూపించింది. "సారూ, ఒక్కపారి ఇటు సూడు."

ఆయన పేపరు చూశాడు, గేటు చూశాడు, డాబాల మీది జనాన్ని చూశాడు. బిడ్డ మీద మాత్రం చూపు నిలపకుండా లోపలికి పోయి ఫోను ఎత్తాడు. తల్లుల కోసం ఒక చీటీ ఇవ్వలేని సర్కారు, ఆయన కోసం పోలీసు వ్యానుని మాత్రం వెంటనే పంపింది.

"ఎవర్రా లీడర్?" అంటూ ఎస్సై దిగాడు. అలవాటు కొద్దీ బిక్షపతి ముందుకొచ్చాడు. ఎస్సై అతని కాలరు పట్టుకున్నాడు.

"ఆయన మా ఎనక వచ్చిండు సారూ. ముందు నడిసింది నేను," అంది బాలమణి.

"అయితే పిల్లను ఎవలికన్న ఇచ్చి నువ్వు ఎక్కు."

బాలమణి ముందు స్వరూపని వ్యాను లోపల పడుకోబెట్టింది. ఆ తర్వాత తనెక్కింది, వెనకే సూర్యకళ ఎక్కింది. అది చూసి మిగతా తల్లులు కూడా తమ పిల్లల్ని ఒక్కొక్కరినే లోపలికి అందించసాగారు. వ్యాను నిండా సన్నకాళ్ళు, ఉబ్బిన పొట్టలు.

"పిల్లల్ని దింపున్రి! నా వ్యాన్ల పిల్లలొద్దు!" ఎస్సై అరిచాడు.

"ఏ పిల్లలు సారూ?" అంది బాలమణి. "రాళ్లగుట్టల గిసొంటి పిల్లలు లేరని సర్కారే చెప్పింది. లేనోళ్ళను ఎట్ల దింపుతం?"

ఎస్సై జనార్ధనరావు వైపు తిరిగాడు. "ఏంది సార్ ఇది? వీళ్ళకు ఏమన్నయితే నా మీదికొస్తది. ఎవరి పిల్లలు వీళ్ళు?"

జనార్ధనరావు గేటు దాకా వచ్చాడు. ఆ పసివాళ్ళలో ఒకరు పోలీసు వ్యానులో కన్నుమూస్తే తన గతేమిటో అప్పటికి తట్టింది. "ఆ బస్తీ పిల్లలేనండీ. చాలా నీరసంగా ఉన్నారు, చూస్తున్నారుగా. కాస్త జాగ్రత్త," అన్నాడు.

వీధంతా ఆ మాట విన్నది.

"ఇన్నరా!" శారదమ్మ ఉయ్యాల మీదినుంచి లేచి కేక పెట్టింది. "సారుకు పిల్లలు కనబడ్డరు! ఇన్నొద్దులకు తనిఖీ అయింది!"

ఆడవాళ్ళు చేసిన గోలకి పిల్లలు కూడా బెదిరి ఏడుపు లంకించుకున్నారు. జనార్ధనరావు వ్యాను తలుపు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, గొడవెందుకు? రేపు ఆఫీసుకి రా. నీ పాపకి చీటీ రాయిస్తాను. డబుల్ పిండి కూడా ఇప్పిస్తాను. వీళ్ళని మాత్రం ఇంటికి పొమ్మను."

బాలమణి స్వరూప పొట్ట మీద చెయ్యి వేసింది. వేడిగా, పల్చగా తగిలింది. ఆ చీటీ కోసమే కదా ఇన్నాళ్ళూ తిరిగింది. ఊ అంటే చాలు. వ్యానులో చుట్టూ చూసింది. సాటి తల్లుల పిల్లలు ఆమె కాళ్ళ మీద, సూర్యకళ ఒళ్ళో, ఇనప నేల మీద ఉన్నారు.

"నా ఒక్క బిడ్డకొద్దు," అంది. ఆ మాట అంటుంటే కళ్ళనీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. "బస్తీ నడుమకు రా. పట్టపగలు రా. అందరి ముంగట తూకం కాంట నువ్వే పట్టు, చీటీలు నువ్వే రాయి. తలుపులన్నీ తెరిసి పెడ్తం. అరువు బిడ్డలను తెచ్చినవో, ఈసారి నీ ఇంట్లకెళ్ళి కదలం."

పిల్లలు దిగకపోయేసరికి ఎస్సై చేసేదిలేక అందరితోనే స్టేషనుకి పోనియ్యమన్నాడు. వ్యాను కదిలింది. పిల్లలతో ఎక్కిన కొందరు తల్లులు పోను, తక్కిన ఆడవాళ్ళంతా ముందు నడిచారు. హారను కొట్టినా పక్కకి తప్పుకోలేదు. సాంబయ్య, బిక్షపతి, ఫ్యాక్టరీ వాళ్ళు వెనక నడిచారు. పోలీసు వ్యాను వరంగల్ రోడ్డు మీద ఎద్దుబండి నడకన ఉప్పల్ చౌరస్తా చేరింది.

అక్కడ నాగోలు పోయే బస్సు కోసం నిలబడ్డ ఒక ఆడమనిషి వ్యాను కిటికీ జాలీలోంచి పిల్లల్ని చూసి దగ్గరికొచ్చింది. ఆమె భుజాన కూడా ఒక పిల్ల వేలాడుతోంది, మెడ నిలవడం లేదు.

"ఏందక్కా, గీ పిల్లలనెందుకు పట్టుకపోతున్రు?"

"సర్కారుకు కనబడ్డందుకు," అంది బాలమణి.

ఆమె కాసేపు వ్యాను పక్కనే నడిచింది. "మా బస్తీలకు గూడ మొన్న జీపొచ్చింది. మా పిల్లలను రెండు గంటలు గుడిసెల పెట్టి తాళమేసిన్రు."

"ఎన్ని గుడిసెలున్నయి మీ బస్తీల?"

"మస్తున్నయి."

వెనక నాగోలు బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. ఆమె పిల్లని ఈ భుజం మీదినుంచి ఆ భుజం మీదికి మార్చుకుని శారదమ్మ పక్కన నడవసాగింది.