ఊరికే నొక్కండి

తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. భూపేష్ బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు.

"నమూనాలు చేసే అంత పెద్ద టూలు! ఈపొద్దే మొరాయించాల్నా ఇది?"

సాయంత్రం డోన్‌లో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల యజమానుల సంఘానికి నమూనా చూపించాలి. కూలీలు ఫోన్‌లో ఫిర్యాదు పెట్టుకునే యాప్ ఎట్లుంటుందో చూపే నమూనా. మీ కూలీల గోడు ఎవరు వింటారని రాళ్లు కొనే విదేశీ కంపెనీలు అడిగాయట. వాళ్లు అడగబట్టి గానీ, ఇన్నేళ్లలో ఆ గోడుతో ఇక్కడ ఎవరికి పనిబడింది!

"నేను రాసిన పేజీ చూపిద్దాం సార్" అంది రెజీనా. భూపేష్ నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కోడు రాసేది ఆ పిల్లే. వాళ్లమ్మ విశ్వాసమ్మ ఆ రాళ్లే మోసి నడుం పోగొట్టుకుంది. ఆ ఆడవాళ్ల చేతుల్లో ఎట్లాంటి ఫోన్లుంటాయో రెజీనాకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే హంగుల టూలు వద్దని మొదటినుంచీ పోరింది. చేత్తో రాసిన మామూలు వెబ్ పేజీ చాలు, అద్దం పగిలిన ఫోన్‌లో కూడా తటాలున తెరుచుకోవాలంది. తయారుచేసి, పోయిన వారం కూలీ ఆడవాళ్లకు వాట్సాప్‌లో పంపింది కూడా. అందరి ఫోన్లలోనూ తెరుచుకుంది. ఎంత సంబరపడిందో!

పాలిష్ ఫ్యాక్టరీలో కూలి చేసే గిడ్డమ్మ గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చింది. చీర కుచ్చెళ్లకు తెల్లటి రాతిబురద ఎండి అట్టకట్టింది.

"పాపా, నీ బటన్ యాడికి పోతాది?"

రెజీనాకు అర్థం కాలేదు.

"మాకు మరుగుదొడ్డి ల్యాదని నొక్కితి గదా. 'మీ ఫిర్యాదు అందింది, చర్య తీసుకుంటాం' అని పచ్చ టిక్కు పడె. శానా సంతోషపడితిమి. కట్టిస్తార్లే అని చూస్తిమి, చూస్తిమి. నిన్న మేస్త్రి మొగం మీదనే అడిగినా, పైన అందినాది గదప్పా, ఎప్పుడు కట్టిస్తారు అని. ఎవురికి చెప్పినావే అని నన్ను పనిలోనుంచి తీసేసినాడు."

"పెద్దమ్మా, అది నమూనా! ఊరికే నొక్కి చూడండి అని చెప్పినా గదా!"

"చెప్పినావు. ఊరికే అంటే దుడ్లు అడగరేమో అనుకొంటిమి."

ఆ బటన్ వెనక ఏమీ లేదు. నొక్కితే టిక్కు పడేట్టు రెజీనా రాసిందంతే. నీళ్లు తాగితే బయటికి పోవాల్సొస్తుందని పొద్దంతా నోరు కట్టుకునే ఆడవాళ్లు దాన్ని నమ్మారు. అంత తొందరగా తెరుచుకునే పేజీని నమ్మక ఏం చేస్తారు! ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉందని తనను తానే తిట్టుకుంది.

"సార్, 'అందింది' అన్న ఆ మాట మారుస్తా. ఫిర్యాదు నిజంగా ఎవరికన్నా పోయేట్టు కూడా రాద్దాం."

"యాడ చేతులు పెడతాండావు? వద్దు" అన్నాడు భూపేష్. "కొనేటోళ్లకు ఆ టిక్కు చూపిస్తే శాలంట. వెనక ఏమీ కట్టమని సంఘమోళ్లు మనకు చెప్పల్యా. నోరు మూసుకొని చూపించి వద్దాం పా."

అంటే ఆ పచ్చ టిక్కు ఎప్పటికీ అట్లాగే పడుతుంటుందన్నమాట. ఇంకెంతమంది గిడ్డమ్మలు నొక్కాలో! రెజీనా ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంది. గిడ్డమ్మ వైపు తిరిగి, "నువ్వూ రా పెద్దమ్మా" అంది. దారిలో కారు వెనక సీట్లో కూర్చుని పేజీలో ఒక్క వాక్యం మార్చింది. మామూలు పేజీ కదా, అంతకంటే పనేముంది.

సంఘం హాలు గోడ మీద పేజీ పెద్దదిగా పడింది. అధ్యక్షుడు వెంకటేశ్వర్లు ముచ్చటపడి, "ఏదీ, నేనే నొక్కుతా" అని తన ఫోన్‌లో లింకు తెరిచాడు. గోడ మీద రెజీనా కూడా అదే బటన్ నొక్కింది. రెండుచోట్లా అవే అక్షరాలు వచ్చాయి.

'ఈ ఫిర్యాదు ఎవరికీ పోలేదు.'

"ఏందప్పా భూపేషూ ఇది?"

భూపేష్ మొహం మాడిపోయింది. "పాత మాట పెట్టు, రెజీనా. తొందరగా."

"పెట్టను సార్."

పేజీ వెనకున్న కోడు తెరిచి గోడ మీదికి తెచ్చింది. అందులో ఫోన్ నంబరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"ఎవురికి పోవాల్నో నంబరు చెప్పండి సార్. ఈడనే రాస్తా. ఇప్పుడే పోతాది."

యజమానులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉద్యోగం పోయినట్టేనని రెజీనాకు తెలుసు, అయినా చేతులు కీబోర్డు మీదనుంచి తీయలేదు. తలుపు దగ్గర నిలబడిన గిడ్డమ్మ రెండడుగులు లోపలికి వేసింది.

"చెప్పుండ్రి అప్పా. నా ఫోన్లో బాకీ ఉండాది ఆ ఫిర్యాదు."

ఎవరూ నంబరు చెప్పలేదు. గోడ మీద, ఖాళీ చోట్లో, నంబరు కోసం సన్నటి నల్లగీత ఆరుతూ వెలుగుతూ ఉంది.